గ్రేస్ హాపర్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో న్యూ హాంప్‌షైరు అను రాష్ట్రమున వుల్ఫ్‌బరో అను చిన్న పట్టణము కలదు. న్యూయార్కు నగరమునకు చెందిన ఒక కుటుంబమువారు ఏటేట వేసవిని గడపుటకు అచ్చటికి పోవుచుండెడివారు. ఒకనాడు ఆ యింటిలోని ఏడేండ్ల బాలికకు, వేకువను గణగణ మ్రోగు గడియారము ఎట్లు పనిచేయునో తెలిసికొనవలెనని కోరిక పుట్టెను. వెంటనే వెనుక మూతను విప్పెను. చక్రములును, మరలును, కమానులును ఒక్కసారిగా జారి క్రిందపడెను. వానిని మరల ఎట్లమర్చవలెనో తోచక, సరియైన అమరిక ఎట్లుండునో చూతమని మరియొక గదినుండి రెండవ గడియారమును తెచ్చి విప్పెను. అదియు మొదటి దానివలెనే అయ్యెను. ఈ విధముగా ఇంటిలోని గడియారములు ఏడును విడిపోయిన పిమ్మట తల్లికి సంగతి తెలిసెను. ఆమె కుమార్తెను దండింపలేదు. ఇకమీదట ఒకే గడియారముతో ప్రయోగములు చేసికొనవలెనని మాత్రము కట్టడి చేసెను.

ఆ బాలిక పేరు గ్రేస్ మరే. ఆమె 1906వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన న్యూయార్కు నగరమున జన్మించెను. తండ్రి వాల్టర్ మరే భీమా వ్యాపారము చేయువాడు. ఆయనకు రక్తనాళముల వ్యాధి సోకుటచే రెండు కాళ్లును తీసివేయవలసివచ్చెను. కొయ్యకాళ్లతో నడచుచు పనికి పోవుచుండిన ఆ తండ్రి, కొడుకుతోపాటు కుమార్తెలు కూడ ఉన్నతవిద్య నభ్యసించి ఇతరుల పోషణపై ఆధారపడకుండ జీవింపగలుగవలెనని సంకల్పించెను. తల్లి మేరీకి గణితమనిన మిక్కిలి ప్రీతి. కాని ఆమె బాల్యమున ఆడపిల్లలు ఆ శాస్త్రమును లోతుగా చదువుట వాడుక కాదు. తనకు దక్కని చదువు కుమార్తెకు దక్కుట చూచి ఆమె సంతోషించెను. తల్లివైపు ముత్తాత ఒకరు అమెరికా నౌకాదళమున అడ్మిరల్ పదవి నలంకరించినవాడు. ఈ సంగతి బాలిక మనస్సున నాటుకొని యుండెను.

పదునారవ యేట గ్రేస్ వాసర్ కళాశాలలో చేరగోరెను. లాటిను భాషలో మార్కులు చాలక ప్రవేశము లభింపలేదు. మరుసటి సంవత్సరము మరల ప్రయత్నించి చేరి, 1928లో గణిత భౌతికశాస్త్రములలో పట్టము పొందెను. పిమ్మట యేల్ విశ్వవిద్యాలయమున 1930లో ఎం. ఏ. పట్టమును, 1934లో గణితమున డాక్టరేటును సంపాదించెను. 1930లో విన్సెంట్ హాపర్ అను అధ్యాపకుని వివాహమాడెను. ఆ వివాహబంధము 1945లో తెగిపోయినను, ఆమె ఆ యింటిపేరును జీవితాంతము నిలుపుకొనెను.

1931 మొదలు ఆమె తాను చదివిన వాసర్ కళాశాలయందే గణితము బోధించుచుండెను. ఆమె బోధనలో ఒక విశేషము కలదు. ఒక గణితసూత్రమును వివరించిన తరువాత దానినిగూర్చి వ్యాసము వ్రాసి తెమ్మని విద్యార్థినులను కోరెడిది. వ్యాసములోని భాషాదోషములను సైతము దిద్ది తిరిగి వ్రాయించెడిది. తాము గణితము నేర్చుకొనుటకు వచ్చితిమి గాని భాష నేర్చుకొనుటకు కాదని కొందరు మొరపెట్టుకొనిరి. తెలిసినదానిని ఎదుటివారికి తేటగా చెప్పలేనివారికి గణితమెంత వచ్చినను ప్రయోజనము లేదని ఆమె వారికి బదులు చెప్పెను.

1941వ సంవత్సరము డిసెంబరులో జపానువారు పెర్ల్ హార్బరుపై దాడి చేయుటతో అమెరికా యుద్ధమున ప్రవేశించెను. హాపరుకు నౌకాదళమున చేరవలెనని గాఢమైన కోరిక కలిగెను. కాని ఆమె వయస్సు ముప్పదియైదు దాటెను. దళమువారు నిర్ణయించిన బరువుకంటె ఆమె శరీరము బరువు తక్కువ. పైగా గణితోపాధ్యాయులు తమ తమ కళాశాలలలో నుండుటయే దేశమునకు మేలని ప్రభుత్వము తలచెను. ఆమె పట్టు విడువక ప్రత్యేకానుమతి సంపాదించి, 1943 డిసెంబరులో నౌకాదళపు మహిళాశాఖలో చేరెను. తనకంటె ఎంతయో చిన్నవారైన యువతులతో కలసి శిక్షణ పొంది ప్రథమస్థానమున నిలిచెను.

ఓడలకు సంబంధించిన పని దొరకునని ఎదురుచూచుచుండగా, 1944 జూలైలో ఆమెను హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పంపిరి. అచ్చట ఆమెకు కనబడినది ఓడ కాదు. గోడపొడవున నిలిచిన ఒక గణనయంత్రము. దాని పేరు మార్క్ వన్. పొడవు 51 అడుగులు, ఎత్తు 8 అడుగులు, బరువు సుమారు 5 టన్నులు. అందు ఏడున్నర లక్షల భాగములుండెను. హోవర్డ్ ఐకెన్ అను ఆచార్యుడు దానిని రూపకల్పన చేసి, నౌకాదళపు అధికారిగా దానిపై అధికారము నెరపుచుండెను. ఆయన మిక్కిలి కఠినుడు. వచ్చినవెంటనే ఆమెకొక లెక్క నప్పగించి వారము దినములు గడు వొసగెను.

ఆ యంత్రము సెకనుకు మూడు సంకలనములు చేయగలదు. ఒక గుణకారమునకు ఆరు సెకనులు, భాగహారమునకు పదునైదు సెకనులు పట్టును. ఈనాడు మన చేతిలోని చిన్న పరికరముతో పోల్చినచో అది నత్తనడక. కాని ఆనాడు ఇరువదిమూడంకెల సంఖ్యలను అలసట లేక రేయింబవళ్లు లెక్కించుట ఒక అద్భుతమే. యంత్రము చేయవలసిన ప్రతి పనిని మనిషి ముందుగా చిన్న చిన్న ఆజ్ఞలుగా విడగొట్టి, వానిని కాగితపు పట్టీపై రంధ్రముల రూపమున పొడిచి యంత్రమున కందింపవలెను. ఇట్టి ఆజ్ఞల వరుసకే ప్రోగ్రాము అని పేరు. ఒక్క రంధ్రము చోటు తప్పినను లెక్క యంతయు తప్పును.

ఆ లెక్కలు సామాన్యమైనవి కావు. నౌకలపై ఫిరంగులను గురిపెట్టుటకు కావలసిన పట్టికలు ఆ యంత్రముపైననే సిద్ధమగుచుండెను. 1944 ఆగస్టులో జాన్ ఫాన్ నాయ్‌మన్ అను మహాగణితవేత్త ఒక క్లిష్టమైన సమస్యను తెచ్చెను. అది అణుబాంబు నిర్మాణమునకు సంబంధించిన లెక్క యని అచ్చటి సిబ్బందికి ఆనాడు తెలియదు. ఇట్టి పనులలో యంత్రము తప్పుడు ఫలితము నిచ్చుట ఒక కీడు. అది తప్పని ఎవరికిని తెలియకపోవుట అంతకంటె పెద్ద కీడు. అందుచే యంత్రము పొందిన ఫలితమును వేరొక మార్గమున సరిచూచు ఆజ్ఞలను ప్రోగ్రాములోనే చేర్చుచుండిరి. రెండింటికి భేదము హద్దు మీరినచో యంత్రము తనంతట తానే ఆగిపోవును. అట్లాగినపుడు దోషము ప్రోగ్రాములో నున్నదో, పట్టీలో నున్నదో, యంత్రభాగములలో నున్నదో వెదకి పట్టవలెను. ఒక్కొక్కసారి దీపము లార్పి, హాపర్ తన చేతిసంచిలోని చిన్న అద్దమును మరల చాటున పట్టి, ఎచ్చట నిప్పురవ్వ కనబడునో చూచుచుండెను.

ఆమెయు, రిచర్డ్ బ్లాక్, రాబర్ట్ కాంబెల్ అను సహచరులును సరియని తేలిన ఆజ్ఞల వరుసలను తమ నోటుపుస్తకములలో వ్రాసికొనెడివారు. ఒకరికి అవసరమైనపుడు మరియొకరి పుస్తకమునుండి ఎత్తి వ్రాసికొనుట పరిపాటి. ఈ అలవాటులోని మేలును, కీడును హాపర్ బాగుగా గమనించెను. ఒకసారి సరిచూచిన దానిని మరల మరల వాడుట మేలు. కాని ఎత్తి వ్రాయునపుడు చేయి తప్పుట సహజము. మన ప్రాచీన తాళపత్ర గ్రంథములలో వ్రాయసగాండ్ర చేత ఎన్ని పాఠభేదములు పుట్టెనో ఎరిగినవారికి ఈ చిక్కు కొత్త కాదు. పండితుడు పాఠమును ఊహించి సవరించుకొనును. యంత్రమునకు ఆ శక్తి లేదు. ఆ యంత్రమును నడుపు విధానమును వివరించుచు ఆమె ప్రధానముగా వ్రాసిన ఐదువందల పుటలకు మించిన గ్రంథము 1946లో వెలువడెను.

యుద్ధము ముగిసిన తరువాత హార్వర్డులోనే మార్క్ టూ అను రెండవ యంత్రము నిర్మితమయ్యెను. 1947 సెప్టెంబరు 9వ తేదీన అది ఆగిపోగా సిబ్బంది లోన వెదకిరి. ఎఫ్ అను పలకపై 70వ మీటలో ఒక దీపపు పురుగు చిక్కుకొని చచ్చియుండెను. వారు దానిని తీసి, అతుకుకాగితముతో దినచర్యపుస్తకమున అంటించి, నిజమైన పురుగు దొరకుట ఇదియే మొదలని వేడుకగా వ్రాసియుంచిరి. ఆంగ్లమున యంత్రములలోని దోషమును పురుగు అను అర్థమిచ్చు బగ్ అను పదముతో పిలుచుట ఎడిసన్ కాలమునుండియు కలదు. ఆ పురుగును హాపర్ స్వయముగా పట్టెననియు, ఆ పేరు ఆమె పెట్టెననియు పలువురు చెప్పుదురు గాని అది సరికాదు. ఆమె ఆ కథను తన ఉపన్యాసములలో ముచ్చటగా చెప్పుచుండుటచే అది లోకమున వ్యాపించెను. ఆ పుస్తకమిపుడు వాషింగ్టనులోని అమెరికా జాతీయ చరిత్ర ప్రదర్శనశాలకు చెందియున్నది.

వయస్సు మించినదను కారణముచే నౌకాదళము ఆమెను శాశ్వతోద్యోగమున చేర్చుకొనలేదు. ఆమె రిజర్వుదళమున మాత్రము కొనసాగెను. 1949లో ఆమె ఫిలడెల్ఫియాలో ఎకర్టు, మాక్లీ అనువారు స్థాపించిన సంస్థలో చేరెను. అచ్చటి యంత్రమొకటి పది అంకెలకు బదులు ఎనిమిది అంకెలతో లెక్కించుచుండెను. అనగా దాని లెక్కలో ఏడు తరువాత వచ్చునది పది. హాపర్ ఆ పద్ధతి నెంత చక్కగా అలవరచుకొనెననగా, కొంతకాలమునకు ఆమె బ్యాంకు లెక్కలు సరిపడుట మానెను. బ్యాంకు ఉద్యోగియైన తమ్ముడు కొన్ని రాత్రులు కూర్చుండి పరిశీలింపగా, అక్క అప్పుడప్పుడు ఎనిమిది అంకెల పద్ధతిలో తీసివేతలు చేసినట్లు బయటపడెను. నవ్వు పుట్టించు సంగతియే గాని హాపర్ దానినుండి ఒక ప్రశ్నను లేవదీసెను. మనిషి యంత్రపు భాష నేర్చి తన లెక్క మరచుట ఏల? యంత్రమే మనిషి భాష నేర్వరాదా?

ఆ సంస్థ తయారుచేసిన యూనివాక్ అను యంత్రముపై పనిచేయు వారినిగూడ ఎత్తివ్రాత దోషములు పీడించుచుండెను. ఒకరి వ్రాతలోని నాలుగంకె మరియొకరికి ఖాళీని సూచించు త్రికోణపు గుర్తుగా కనబడెడిది. బి అను అక్షరము పదమూడుగా మారెడిది. అంతట హాపర్ ఈ ఎత్తివ్రాతను మనిషి చేతినుండి తప్పించి యంత్రమునకే అప్పగింప నిశ్చయించెను. సరియని నిరూపింపబడిన చిన్న ప్రోగ్రాములనన్నిటిని ఒక అయస్కాంతపు పట్టీపై చేర్చి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు పెట్టెను. ప్రోగ్రాము వ్రాయువాడు కావలసినవాని పేర్లను వరుసగా ఇచ్చినచో చాలును. యంత్రమే పట్టీని వెదకి, వానిని తెచ్చి, వాని లోపలి చిరునామాలను కొత్త చోటునకు తగినట్లు మార్చి, ఒకదానికొకటి అతికి పూర్తి ప్రోగ్రామును సిద్ధము చేయును. గ్రంథాలయమున పుస్తకముల పేర్లు చెప్పినంతనే సేవకుడు తెచ్చి ఇచ్చినట్లుండును. దీనికి ఆమె కంపైలరు అని పేరు పెట్టెను. ఏ-0 అను ఆ మొదటి కంపైలరు 1952 నాటికి పనిచేయసాగెను.

దీనిని వ్రాయునపుడు ఆమెకొక చిక్కు ఎదురయ్యెను. యూనివాక్ యంత్రము జ్ఞాపకమున వేయి పదములకు మాత్రమే చోటుండెను; కనుక ప్రోగ్రామును మొదటినుండి చివరవరకు ఒక్కసారియే చదువవలెను. ఆరవ మెట్టువద్ద ముప్పదియవ మెట్టునకు దుముకుమని ఆజ్ఞ యున్నచో, ముప్పదియవ మెట్టు ఎచ్చట చేరునో అప్పటికి తెలియదు. విద్యార్థినిగా తానాడిన బాస్కెట్‌బాల్ ఆట ఆమెకు జ్ఞప్తికి వచ్చెను. ఆనాటి ఆడపిల్లల ఆటలో బంతిని పట్టుకొని ముందునకు పోవుటకు వీలులేదు. బంతిని తోటి ఆటకత్తెకు విసరి, తాను ముందునకు పరుగెత్తి, అచ్చట మరల అందుకొనవలెను. హాపర్ యంత్రపు జ్ఞాపకమున ఒక మూలను ప్రత్యేకించి, తెలియని చిరునామాతో కూడిన దుముకును ముందుగా ఆ మూలకు పంపెను. ముప్పదియవ మెట్టు తన చోట కుదురుకొనినపుడు దాని చిరునామా ఆ మూలకు చేరి, దారి పూర్తియగును.

ఇంత చేసినను తోటివారు నమ్మలేదు. యంత్రములు అంకెలను కూడగలవే గాని ప్రోగ్రాములు వ్రాయలేవని పలువురు వాదించిరి. యంత్రము కూర్చిన ప్రోగ్రాము నేర్పరియైన మనిషి వ్రాసినదానివలె వేగముగా నడువదని మరికొందరనిరి. ఈ రెండవ వాదమున కొంత సత్యము లేకపోలేదు. కాని ఒక ప్రోగ్రామును వ్రాసి దోషములు తీర్చుటకు పట్టు వారములను వారు లెక్కలోనికి తీసికొనలేదు. 1952 మేలో పిట్స్‌బర్గులో జరిగిన సభలో ఆమె ఈ విషయమున వ్యాసము చదివెను. 1953లో ఏ-2 అను మెరుగైన కంపైలరును వాడుకదారులకు పంపి, లోపములున్నచో తెలుపుడనియు, మీరు చేసిన సవరణలను మాకు పంపుడనియు కోరెను. తన వ్రాతను పదిమంది ముందుంచి తప్పులు పట్టుమని అడుగుటకు ఆనాడు ఎందరో జంకెడివారు.

1955లో ఆమె మరియొక అడుగు వేసెను. ధర, సరకు, వేతనము మున్నగు వాడుక మాటలతోనే ఆజ్ఞలు వ్రాయవచ్చునని చూపదలచి, పైయధికారుల యెదుట ఒక చిన్న ప్రోగ్రామును ఆంగ్లమున నడిపించెను. అదే ప్రోగ్రామును ఫ్రెంచి, జర్మను మాటలతోను నడుపవచ్చునని చూపెను. ఇందుమూలమున భాష ఏదైనను యంత్రమునకు ఒకటే యని స్పష్టమగునని ఆమె తలంపు. ఫలితము విపరీతమయ్యెను. అమెరికాలో తయారైన యంత్రమునకు ఫ్రెంచి, జర్మను వచ్చుట పొసగదని అధికారులు కలవరపడిరి! ఇక ఆంగ్లముతోనే సరిపెట్టుకొందుమని చెప్పి, వారిని ఒప్పించుటకు ఆమె ఎంతయో శ్రమపడవలసివచ్చెను. ఆ ప్రయత్నమునుండియే ఫ్లో-మాటిక్ అను భాష పుట్టెను.

కాని ఒక్కొక్క సంస్థవారి యంత్రమునకు ఒక్కొక్క భాష యున్నచో, యంత్రము మారినపుడెల్ల ప్రోగ్రాములను తిరిగి వ్రాయవలసివచ్చును. అన్ని యంత్రములకు చెల్లు ఒకే వ్యాపారభాష కావలెనని 1959లో అమెరికా రక్షణశాఖ ఆదరమున ఒక సంఘమేర్పడెను. ఆ సంఘము రూపొందించిన భాషయే కోబాల్. దానిని హాపర్ ఒక్కతెయే సృష్టించెననుట పొరపాటు. జీన్ సామెట్ మున్నగు పలువురు కూర్చుండి దానిని వ్రాసిరి. హాపర్ సలహాదారుగా నుండెను. ఫ్లో-మాటిక్ దానికి ముఖ్యమైన మూలమయ్యెను. 1960 డిసెంబరు 6, 7 తేదీలలో ఒకే కోబాల్ ప్రోగ్రామును రెండు వేర్వేరు సంస్థల యంత్రములపై నడిపి చూచిరి. స్వల్పమైన మార్పులతో రెండింటను అది సరిగా నడిచెను.

1966 చివర వయస్సు కారణముగా హాపర్ నౌకాదళపు రిజర్వునుండి విశ్రాంతి పొందవలసివచ్చెను. ఆ దినము తనకు మిక్కిలి దుఃఖకరమైనదని ఆమె తరువాత చెప్పుకొనెను. కాని ఏడు నెలలు గడచునప్పటికి నౌకాదళమువారే ఆమెను ఆరు మాసముల పనికై తిరిగి పిలిచిరి. వారి కార్యాలయములలో ఒకచోట చక్కగా నడచిన కోబాల్ ప్రోగ్రాము మరియొకచోట నడచుట లేదు. యంత్రములమ్ము ప్రతి సంస్థయు తన కంపైలరే ప్రామాణికమైనదని చెప్పుకొనుచుండెను. ఎవరి మాట నమ్మవలెను?

హాపర్ ఎవరి మాటను నమ్మలేదు. కోబాల్ నియమములను ఒక్కొక్కటిగా తీసికొని, కంపైలరు ఆ నియమమును పాటించుచున్నదో లేదో తేల్చు పరీక్షాప్రోగ్రాములను తన బృందముచే వ్రాయించెను. ప్రతి పరీక్షకు రావలసిన ఫలితము ముందుగనే నిర్ణీతమై యుండును. కంపైలరు ఇచ్చిన ఫలితము దానితో సరిపోలినచో ఉత్తీర్ణత, లేనిచో ఏ నియమము వద్ద తప్పెనో పట్టికలో కనబడును. వాదములకు తావు లేదు. పరీక్ష నెగ్గని కంపైలరును కొనరాదను పద్ధతి క్రమముగా నౌకాదళమునుండి కేంద్రప్రభుత్వపు శాఖలన్నిటికి వ్యాపించెను. సంస్థలు తమ దోషములను తామే వెదకి దిద్దుకొనసాగెను. హాపర్ జీవితమున కంపైలరు ఎక్కువ కీర్తి తెచ్చినది గాని, ఈ పరీక్షల పని దానికంటె తక్కువదని చెప్పరాదు.

ఆరు మాసములకని వచ్చిన ఆమె పందొమ్మిదేండ్లు నిలిచెను. ఆ కాలమున దేశమంతట తిరిగి యువకులకు ఉపన్యాసములిచ్చెను. సెకనులో నూరుకోట్లవ వంతు కాలమున విద్యుత్తు ఎంత దూరము పోగలదో చూపుటకు సుమారు 30 సెంటిమీటర్ల తీగముక్కలను శ్రోతలకు పంచిపెట్టెడిది. ఎప్పుడును ఇట్లే చేయుచున్నామను మాట ఆమెకు సరిపడదు. అందుకే తన గదిలో ఎడమవైపునకు తిరుగు గడియారమును వ్రేలాడదీసెను. అదియు కాలమును సరిగానే చూపెడిది. 1986 ఆగస్టు 14వ తేదీన, రియర్ అడ్మిరల్ హోదాలో, 79వ యేట ఆమె పదవీవిరమణ చేసెను. బోస్టను రేవులోని కాన్‌స్టిట్యూషన్ అను పురాతన యుద్ధనౌకపై ఆ ఉత్సవము జరిగెను. పిమ్మట ఒక కంప్యూటరు సంస్థకు సలహాదారుగా పనిచేసి, 1992 జనవరి 1వ తేదీన మరణించెను. ఆమెను సైనికమర్యాదలతో ఆర్లింగ్టన్ శ్మశానవాటికలో ఖననము చేసిరి. ఓడలపై పని దొరకని ఆమె పేరిట 1996లో ఒక యుద్ధనౌక జలప్రవేశము చేసెను.

ఆమె మరణించిన కొలది యేండ్లకు కోబాల్ ప్రోగ్రాములు లోకమునంతటిని కలతపెట్టెను. జ్ఞాపకమున చోటు పొదుపు చేయుటకై వానిలో సంవత్సరమును చివరి రెండంకెలతోనే వ్రాసియుండిరి. 2000వ సంవత్సరము రాగానే యంత్రములు దానిని 1900 అని భ్రమపడునను భయము వ్యాపించెను. బ్యాంకులు, భీమా సంస్థలు, ప్రభుత్వములు లక్షలకొలది పంక్తులను వెదకింపసాగెను. హైదరాబాదులోని అమీరుపేట శిక్షణశాలలలో తెలుగు యువతీయువకులు వేలకొలదిగా కోబాల్ నేర్చి, ఆ పనిపై దేశవిదేశములకు పోయిరి. వారు ప్రోగ్రాములను సవరించిన తరువాత, యంత్రములలోని గడియారములను 1999 డిసెంబరు 31వ తేదీ అర్ధరాత్రికి ముందునకు త్రిప్పి, ఏమి జరుగునో కనిపెట్టుచు కూర్చుండెడివారు.